మామిడి కోతలైనాక చూద్దాంలే

ఈ వారం ముచ్చట కొంచెం బరువైనది. మా చిత్తూరు వైపు ఆడవాళ్ళం కష్టమైన మాటలన్నీ చెనక్కాయలు ఒలుస్తూనే మాట్లాడుకుంటాం. చేతికి పని ఉంటే మొహం మొహం చూసుకోవాల్సిన అవసరం ఉండదు. మా చిన్నమ్మ నన్ను ఈ మాట అడిగింది కూడా అట్లనే.

"ఏమ్మే పాపా, ఏమీ చేయించుకోకుండా ఇట్లనే ఉండిపోతే ఎన్నాళ్ళుంటానే?"

చేటలోకి చూస్తూ అడిగింది. తోడేసిన పాలు ఎంతసేపటికి పేరుకుంటాయి అని అడిగినట్టుగా ఉంది ఆ గొంతు. నేను జవాబు చెప్పలేదు. "అట్లా మాట్లాడబాక చిన్నమ్మా" అని నోరు మూయించినాను. ఆమె మళ్ళీ అడగలేదు. పదిహేనేళ్ళయింది. ఆ ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది, ఎవరో దాచమని ఇచ్చిపోయిన సొమ్ము మాదిరి. తర్వాత చాలా చదివినాను, డాక్టర్లను అడిగినాను. ఆ రోజు చెప్పాల్సిన జవాబు ఈ పూట మీకు చెబుతాను.

ముందు చిన్నమ్మ సంగతి. పెనుమూరు పక్కన పల్లె. రెండు పాడి ఆవులు, ఎకరన్నర తోతాపురి తోట. పొద్దున్నే పాలకేంద్రానికి క్యాను మోసుకుపోయేది. ఎప్పుడూ ఎడమచేత్తో మోసే మనిషి ఒక ఏడాది కుడిచేతికి మార్చింది. మేమెవరమూ పట్టించుకోలేదు. ఆ తర్వాత ఇంట్లో శుక్రవారం కాకపోయినా సాంబ్రాణి వేయడం మొదలుపెట్టింది. పొద్దునా సాయంత్రమూ పొగ. "ఏం చిన్నమ్మా, భక్తి ఎక్కువైంది?" అని ఎగతాళి చేసినాను. నవ్వింది. ఆ పొగ దేనికో తెలిసేసరికి రొమ్ము మీద పుండు పడి ఆరు నెలలు. పసుపు రాసిన పాతచీర పేలికలు మడతలు పెట్టి రవికె లోపల పెట్టుకునేది. ఆ వాసన మా దాకా రాకూడదని సాంబ్రాణి.

మొదట్లో అది చెనక్కాయ గింజంత. నొప్పి లేదు. "నొప్పి ల్యాకుండా రోగమేందమ్మే?" అనేది తర్వాత. ఇక్కడే మోసపోతాం, చెల్లెళ్ళూ. పంటి పోటు మనల్ని అర్ధరాత్రి డాక్టరు దగ్గరికి పరిగెత్తిస్తుంది. రొమ్ములో గడ్డ చాలామందికి మొదట్లో నొప్పే పెట్టదు. ఒక సెంటీమీటరు గడ్డ అంటే అందులో సుమారు 100 కోట్ల కణాలుంటాయని వైద్యులు లెక్క చెబుతారు. ఒక కణం రెండై, రెండు నాలుగై, అట్లా ముప్ఫైసార్లు రెట్టింపైతే గానీ ఆ గింజంత కాదు. మన వేలికి తగిలే రోజుకు దాని ప్రయాణం సగం పైనే అయిపోయి ఉంటుంది.

ఆ ఏడు ఆమె చిన్నకూతురి పెళ్ళి. పెళ్ళికూతురి తల్లికి క్యాన్సరని తెలిస్తే సంబంధం నిలుస్తుందా? పెళ్ళయినాక చూద్దాంలే అనుకుంది. పెళ్ళి అయింది. పెద్దకూతురికి పురుడు వచ్చింది. పురుడైనాక ఆవు ఈనింది. జున్నుపాల వేళ ఇల్లు వదిలిపోతే ఎట్లా? తర్వాత మామిడి కోతలు. "కోతలైనాక చూద్దాంలే." కోతలూ అయినాయి, కాయ తోలిన ఫ్యాక్టరీవాళ్ళు డబ్బు చేతికివ్వలేదు. డబ్బు రానీ అనుకుంది. ఈ మొత్తంలో ఏ ఒక్కరోజూ మా చిన్నమ్మ "నాకు వైద్యం వద్దు" అనలేదు. నేను మళ్ళీ మళ్ళీ తలుచుకునేది ఈ సంగతినే. వైద్యం చేయించుకోని మనిషంటే మొండిదో మూఢురాలో అనుకుంటాం. మన వైపు అట్లా నిర్ణయించుకునేవాళ్ళు చాలా తక్కువ. ఉండేదంతా వాయిదాలే, ప్రతి వాయిదాకూ కాదనలేని కారణమే.

ఇక ఆ ప్రశ్నకు జవాబు. ఏమీ చేయకపోతే ఎన్నాళ్ళు?

కావాలని వైద్యం ఆపి ఎన్నాళ్ళు బతుకుతారో చూసే పరిశోధన ఏ మనిషీ చేయకూడదు కదా. కానీ వైద్యమే లేని కాలం ఒకటుండేది. లండన్‌లో మిడిల్‌సెక్స్ ఆసుపత్రి అని ఉండేది. అక్కడ 1792లో క్యాన్సరు రోగులకని ప్రత్యేకంగా ఒక వార్డు తెరిచినారు. అందులో చేరిన బీదవాళ్ళను మంచం ఖాళీ చేయమని ఎవరూ అనేవాళ్ళు కాదు, నయమయ్యేదాకానో ప్రాణం పోయేదాకానో ఉండొచ్చు. 1805 నుంచి 1933 దాకా అట్లా చేరి, ఏ వైద్యమూ పొందకుండానే చనిపోయిన 250 మంది రొమ్ము క్యాన్సరు స్త్రీల వివరాలు ఆ ఆసుపత్రి పుస్తకాల్లో ఉండిపోయినాయి. బ్లూమ్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు ఆ పాత పుస్తకాలు తిరగేసి 1962లో లెక్క ప్రచురించినారు.

ఆ స్త్రీ తన ఒంట్లో మార్పును మొదట గమనించిన రోజు నుంచి లెక్కపెడితే, సగంమంది రెండేళ్ళ ఎనిమిది నెలలు దాటలేదు. ఐదేళ్ళు బతికినవాళ్ళు నూటికి 18 మంది. పదేళ్ళు బతికినవాళ్ళు నూటికి నలుగురు కూడా నిండా లేరు. ఆసుపత్రికి వచ్చేసరికే నలుగురిలో ముగ్గురికి రోగం ముదిరిపోయి ఉంది. అంటే ఆ ఊళ్ళోనూ వాయిదాలు ఉండేవన్నమాట. వాళ్ళకు మామిడి కోతలు లేకపోతే ఇంకేవో.

ఇప్పుడు మన లెక్క చూడండి. మన దేశంలో 11 క్యాన్సరు రిజిస్ట్రీలు 2012 నుంచి 2015 దాకా రొమ్ము క్యాన్సరు బయటపడిన స్త్రీల వివరాలు రాసిపెట్టుకుని వెంట నడిచినాయి. ఐదేళ్ళ తర్వాత నూటికి 66 మంది ప్రాణాలతో ఉన్నారు. దాన్నే విడదీసి చూస్తే, రోగం రొమ్ము దాటకముందే పట్టుకున్నవాళ్ళలో 81 మంది. చంకలోని గ్రంథుల దాకా పాకినాక వచ్చినవాళ్ళలో 65 మంది. ఎముకలకో కాలేయానికో ఊపిరితిత్తులకో చేరినాక వచ్చినవాళ్ళలో 18 మంది.

ఆ 18 చూడగానే నాకు ఒళ్ళు జలదరించింది. నూరేళ్ళ కిందట మందే ఎరగని లండన్ ఆడవాళ్ళదీ 18, అన్ని మందులూ ఉన్న కాలంలో ఆలస్యంగా వచ్చిన మన ఆడవాళ్ళదీ 18. రెండూ ఒకటే అని తేల్చేయకూడదు, నిజమే. వాళ్ళు గడ్డ తగిలిన రోజు నుంచి లెక్కపెడితే, వీళ్ళు రోగం నిర్ధారణ అయిన రోజు నుంచి లెక్కపెట్టినారు. ముదిరినాక వచ్చినా మందు ఆయుష్షు పెంచుతుంది, నొప్పి తగ్గిస్తుంది. అయినా ఆ 81కీ ఈ 18కీ మధ్య ఉండే తేడాలో చాలా భాగం మందుది కాదు, తేదీది.

ఇంకో సంగతి. మిడిల్‌సెక్స్ లెక్కలో నూటికి నలుగురికి దగ్గరగా పదేళ్ళు బతికినారు కదా, వాళ్ళను ఊరికే వదలకండి. ప్రతి ఊళ్ళోనూ ఒక అవ్వ ఉంటుంది. "ఆమెకు పదేళ్ళుగా గడ్డ ఉండాది, ఏమైంది? దుక్కలా ఉండాది" అంటారు. ఆ అవ్వ నిజమే. నిదానంగా పెరిగే రకం ఆమెది. ఆమెను చూసి ధైర్యం తెచ్చుకుని మంచం పట్టిన మిగతా 96 మంది ఎవరి కంటికీ కనబడరు, ఎందుకంటే వాళ్ళు రచ్చబండ దగ్గరికి రాలేరు.

మా చిన్నమ్మ ఆ అవ్వను చూసి కాదు, పుత్తూరు కట్టును చూసి మోసపోయింది. మోసం పుత్తూరువాళ్ళది కాదండోయ్. మన జిల్లాలో పుట్టి కాలో చెయ్యో విరిగి పుత్తూరు పోనివాళ్ళు ఎంతమంది? గుడ్డు సొన, ఆకు పసరు, వెదురు దబ్బలు, కట్టు. నలభై రోజులకు చెయ్యి లేస్తుంది. కళ్ళెదుట కనబడే సాక్ష్యం అది. అట్లా ఎముకే అతుక్కుంటే గడ్డకు ఏదో ఒక ఆకు లేకపోతుందా అనుకోవడం తప్పేమీ కాదు, అది తర్కమే. కానీ విరిగిన ఎముక తనంతట తను అతుక్కోవాలని చూస్తుంది. కదలకుండా పట్టి ఉంచితే చాలు, మిగతా పని ఒళ్ళే చేసుకుంటుంది. క్యాన్సరులో మాట వినకుండా పోయింది ఆ ఒంటి కణాలే. ఇక ఒళ్ళు దేన్ని బాగుచేసుకుంటుంది? మా చిన్నమ్మకు ఎవరో పసరు మందు ఇచ్చినారు, నలభై రోజుల పథ్యం. ఉప్పు, చింతపండు, వంకాయ మానేసింది. మూడు నెలలు గడ్డ అంతే ఉంది. "చూడు, పెరగలేదు" అని మురిసిపోయింది. ఆ మూడు నెలలు పసరు పనిచేసిందని ఆమె అనుకుంది. పసరు లేకపోయినా అది ఆ మూడు నెలలు అంతే ఉండేది.

ఇది చదువులేని పల్లె జనం సంగతి అనుకుంటున్నారా? 2018లో అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం డాక్టర్లు ఒక లెక్క వేసినారు. ఇంకా ఎక్కడికీ పాకని క్యాన్సరు ఉండి, ఆసుపత్రి మందు కాదని ప్రత్యామ్నాయ చికిత్సలు మాత్రమే ఎంచుకున్న 281 మందిని, మామూలు వైద్యం చేయించుకున్న 560 మందితో పోల్చినారు. రొమ్ము క్యాన్సరులో ఐదేళ్ళ తర్వాత మామూలు వైద్యం వాళ్ళు నూటికి 86 మంది ఉంటే, రెండోవాళ్ళు 58 మంది. చావు ముప్పు ఐదున్నర రెట్లు పైమాటే. పైగా ఆ 281 మందిలో ఎక్కువమంది వయసులో చిన్నవాళ్ళు, బాగా చదువుకున్నవాళ్ళు, డబ్బున్నవాళ్ళు. మా చిన్నమ్మ వాళ్ళకన్నా నయం, కనీసం ఆమెకు వేరే దారి ఉందని ఎవరూ నెమ్మదిగా కూర్చోబెట్టి చెప్పలేదు.

అన్ని క్యాన్సర్లూ ఒకటే మాదిరి నడవవు. ఊపిరితిత్తులది తొందరపాటుది. ఏ మందూ వేయకపోతే సగటున ఏడు నెలలని పాత పరిశోధనలన్నీ కలిపి చూసినవాళ్ళు తేల్చినారు. మగవాళ్ళకు ప్రోస్టేటులో వచ్చే వాటిలో కొన్ని ఎంత నిదానమంటే, డాక్టర్లే "ఇప్పుడేం వద్దు, ఆర్నెల్లకోసారి చూస్తాం" అంటారు. మా వీధిలో ఒకాయన ఆ మాట పట్టుకుని "డాక్టరే వద్దన్నాడు" అని అందరికీ చెప్పి తిరిగినాడు. డాక్టరు వద్దనడం, మనం వెళ్ళకపోవడం ఒకటెట్లా అవుతుంది? ఆయనకు రక్తపరీక్ష తేదీలు గోడమీద క్యాలెండర్లో గుండ్రంగా చుట్టి ఉంటాయి.

మన ఆడవాళ్ళ రెండో శత్రువు గర్భసంచి ముఖద్వారం క్యాన్సరు. ముట్లు ఉడిగిపోయిన ఐదేళ్ళకు మళ్ళీ కనబడితే మన ఇళ్ళల్లో ఏమంటాం? "వేడి చేసింది." సబ్జా గింజలు నానబోసి తాగుతాం, మజ్జిగ తాగుతాం. తెల్లబట్ట వాసన వేస్తే అదీ వేడే. చెల్లెళ్ళూ, ముట్లు నిలిచిపోయినాక ఒక్క చుక్క కనబడినా అది వేడి కాదు, డాక్టరు చూడాల్సిన సంగతి. ఇది క్యాన్సరు కాకముందు ఏళ్ళకేళ్ళు పుండు కాని పుండులా కాచుకుని ఉంటుంది. ఆ దశలో వదిలేస్తే ఏమవుతుందో ప్రపంచానికి తెలిసిన తీరు తలుచుకుంటే కడుపు మండుతుంది. న్యూజీలాండులో ఆక్లాండు ఆసుపత్రి ఒకటి. అక్కడ 1966 నుంచి ఒక పెద్ద డాక్టరు, ఆ ముందుదశ క్యాన్సరుగా మారదని తనకున్న నమ్మకంతో, కొందరు స్త్రీలకు సరైన వైద్యం చేయకుండా ఊరికే కనిపెట్టి చూసినాడు. వాళ్ళకు ఆ సంగతి చెప్పలేదు. 1987లో సాండ్రా కోనీ, ఫిలిడా బంకిల్ అని ఇద్దరు ఆడవాళ్ళు ఒక మాసపత్రికలో దాన్ని బయటపెట్టినారు. మాలాంటి పత్రికల్లో రాసే ఆడవాళ్ళే, అదీ నాకు గర్వం. మరుసటేడు న్యాయ విచారణ నివేదిక వచ్చింది. తర్వాత 2008లో లెక్క తేలింది. సరైన వైద్యం అందనివాళ్ళలో ముప్ఫై ఏళ్ళలో నూటికి 31 మందికి అది క్యాన్సరైంది. అందినవాళ్ళలో నూటికి ఒక్కరికి కూడా కాలేదు.

మనకు ఏ డాక్టరూ అట్లా చేయక్కర్లేదు. మనల్ని మనమే ఊరికే కనిపెట్టి చూసుకుంటున్నాం.

మా చిన్నమ్మను చివరికి రాయవేలూరు తీసుకుపోయినాం. చిత్తూరువాళ్ళకు వేలూరు రాయవేలూరే, పొద్దున బస్సెక్కితే పది గంటలకు ఆసుపత్రి గేటు దగ్గర ఉంటాం. 1900లో ఇడా స్కడర్ అనే డాక్టరమ్మ ఒక్క మంచంతో మొదలుపెట్టిన చోటు. పురుటి కష్టంలో ఉన్న ముగ్గురు స్త్రీలను మగ డాక్టరు తాకకూడదని వాళ్ళ ఇంటివాళ్ళు పట్టుబడితే, ఒకే రాత్రి ఆ ముగ్గురూ పోయినారట. అది చూసి చదువుకుని డాక్టరై వచ్చింది ఆమె. మన ఆడవాళ్ళ రోగం ఇంట్లోనే దాగి ఉండడం కొత్త కథ కాదు.

వేలూరు కాకపోతే మద్రాసులో అడయారు. ఆ అడయారు క్యాన్సరు ఆసుపత్రి పుట్టిందే ఒక చెల్లెలి కోసం. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి చెల్లెలికి మలంలో రక్తం పడుతుంటే రక్తవిరేచనాలని మందిచ్చినారు. అసలు సంగతి తేలేసరికి క్యాన్సరు ముదిరిపోయింది. 1923లో ఆ పిల్ల పోయింది. అక్క డాక్టరే, ఇంట్లోనే ఉంది. అయినా ఏమీ చేయలేకపోయింది. ఆ గాయం ముప్ఫై ఏళ్ళు మోసి, అందరి చుట్టూ తిరిగి, 1952లో నెహ్రూ చేత శంకుస్థాపన చేయించి, 1954లో పన్నెండు మంచాలతో తలుపు తెరిచింది. శంకుస్థాపన నాటికి మన చిత్తూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. తలుపు తెరిచే నాటికి మనం ఆంధ్రకు వచ్చేసినాం. రాష్ట్రం మారినా మన వాళ్ళ బస్సు మాత్రం అటే పోయింది, ఇన్నేళ్ళూ.

వేలూరులో మా చిన్నమ్మకు ముక్క తీసి పరీక్ష చేయాలన్నారు. మా బాబాయి అడ్డం తిరిగినాడు. "కత్తి పెడితే పాకుతుంది. మా ఊళ్ళో ఫలానా ఆమెకు అట్లనే అయింది." ఆ ఫలానా ఆమె నాకు తెలుసు. ఆమె కత్తి దగ్గరికి పోయేసరికే అంతా అయిపోయి ఉంది. ఆలస్యం చేసిన నేరం కత్తి నెత్తిన పడింది. నేనప్పుడు బాబాయికి ఒక కథ చెప్పినాను. ఫానీ బర్నీ అని ఇంగ్లండు రచయిత్రి. 1811లో పారిస్‌లో, మత్తుమందు అనేదే లేని రోజుల్లో, మెలకువగా ఉండగానే రొమ్ము తీయించుకుంది. కోసింది నెపోలియన్ సైన్యం డాక్టరు. ఆ నొప్పినంతా తర్వాత తన అక్క ఎస్తర్‌కు ఉత్తరంగా రాసింది. అది రాయడానికి ఆమెకు నెలలు పట్టింది. అక్కకు కాకపోతే ఎవరికి చెప్పుకుంటాం? ఆ తర్వాత ఇంకో 28 ఏళ్ళు బతికి 1840లో, 87 ఏళ్ళకు పోయింది. బాబాయి విని, "ఆమె దొరసాని" అన్నాడు. అయినా సంతకం పెట్టినాడు.

చిన్నమ్మకు అప్పటికే వెన్నెముకలోకి పోయింది. నయం కాదన్నారు. కానీ "ఇంటికి తీసుకుపోండి" అని వదిలేయలేదు. నడుం నొప్పికి ఐదు రోజులు కరెంటు, అదే రేడియేషన్, పెట్టినారు. మాత్రలిచ్చినారు. అన్నిటికన్నా పెద్ద మేలు ఒక నర్సమ్మ చేసింది. పుండు ఉప్పునీళ్ళతో కడిగి, మెట్రోనిడజోల్ బిళ్ళలు మెత్తగా నూరి పైన చల్లి, గుడ్డ వేసి కట్టడం నాకు నేర్పింది. విరేచనాలకు మనం వాడే ఆ మామూలు బిళ్ళే. డాక్టరు చెప్పినట్టే చేసినాను. నాలుగో రోజుకు వాసన పోయింది. చిన్నమ్మ ఆ సాయంత్రం సాంబ్రాణి వేయలేదు. మనవడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. అంతకుముందు ఏడాదిగా వాడిని దగ్గరికి రానివ్వలేదు, మేమేమో ఆమెకు విసుగెక్కువైంది అనుకున్నాం.

నొప్పి పెరిగినాక మార్ఫిన్ ఇచ్చినారు. దానికి అప్పట్లో ఎన్ని కాగితాలో! మత్తుమందుల చట్టం 1985ది, ఇంట్లో క్యాన్సరు మనిషి ఉంటే దాని కష్టం తెలిసేది. 2014లో సవరించినాక కొంచెం తేలికైంది. మార్ఫిన్ ఇస్తే మనిషి తొందరగా పోతుందని భయపడి దాచిపెట్టబాకండి. ఆ బిళ్ళ వేసుకున్న రోజే మా చిన్నమ్మ కూర్చుని ఊరిబిండి నూరించుకుని సంగటి తినింది.

ఎనభై దాటిన అవ్వ, రోగం ఒళ్ళంతా పాకినాక, "నాకు ఈ కీమోలు వద్దు నాయనా, ఇంట్లో నా మంచం మీద ఉంటాను" అంటే నేను ఆమె పక్షమే. అది తెలిసి చేసిన నిర్ణయం. ఆమెకు నొప్పి మందు, పుండుకు కట్టు, పక్కన మనిషి ఉండాలి. దాన్ని వైద్యం మానేయడం అనకూడదు, అదీ వైద్యమే. అడగడానికి భయపడి, డబ్బుకు వెరిచి, ఆవులకు మేత వేసేవాళ్ళు లేక ఇంట్లో ఉండిపోయిన నలభై ఐదేళ్ళ ఆడదాన్ని చూసి "ఆమె ఇష్టం" అంటే మాత్రం నేను ఒప్పుకోను.

చిన్నమ్మ ఆ తర్వాత పద్నాలుగు నెలలుంది. గడ్డ తగిలిన రోజు నుంచి లెక్కపెడితే నాలుగేళ్ళు నిండలేదు.

ఇప్పుడు రోజులు మారినాయి, అది చెప్పకపోతే పాపం. తిరుపతిలోనే స్విమ్స్ ఆసుపత్రి ఉంది. అలిపిరి దగ్గర టాటావాళ్ళు, దేవస్థానం కలిసి కట్టిన క్యాన్సరు ఆసుపత్రి ఉంది. 2018 ఆగస్టు 31న రతన్ టాటా వచ్చి శంకుస్థాపనలో నిలబడినారు, 2022 మే 5న తెరిచినారు. మన జిల్లా మూడు ముక్కలై తిరుపతి జిల్లా పుట్టిన నెలకే. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీకి ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు, జనం నోట ఇంకా పాత పేరే. ఆపరేషను, కీమో, కరెంటు అన్నీ అందులో ఉన్నాయి. లేనిది చెబుతాను వినండి. ఐదారు వారాలు కరెంటు పెట్టించుకోవాలంటే వారానికి ఐదు రోజులు రావాలి. బస్సు చార్జీలు, తోడు వచ్చే మనిషి కూలి, రాత్రి పడుకునే చోటు, ఇంట్లో ఆవులు. ఆ లెక్క ఏ కార్డులోనూ లేదు. ఒక ఆడది సగంలో వైద్యం ఆపేసిందంటే మందు డబ్బు లేక కాదు, ఎక్కువసార్లు ఆ మేత వేసే మనిషి లేకనే. మీ పక్కింటామె ఆసుపత్రికి పోతుంటే పండ్లు పట్టుకుపోయి పలకరించేకన్నా, "నీ ఆవులను నేను చూసుకుంటా పో" అనండి.

స్విమ్స్ వాళ్ళ పింక్ బస్సు ఊళ్ళకే వచ్చి పరీక్షలు చేస్తుంది. మా వదినవాళ్ళ ఊరికీ వచ్చింది. ఆడవాళ్ళంతా దూరం నుంచి చూసినారు. "అది ఎక్కితే ఊరంతా ఏమనుకుంటారో!" వదిన కూడా ఎక్కలేదు. కానీ రాత్రి స్నానం చేస్తూ చేత్తో తడుముకుంది. గోళీ కాయంత తగిలింది. పొద్దున ఆరుకు నాకు ఫోను. "మేయ్, నీ చిన్నమ్మది గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. ఎప్పుడు పోదాం?"

"మామిడి కోతలు?" అన్నాను, నవ్వుదామని.

"కాయలు కుళ్ళిపోనీ" అంది.

చంకకు పాకలేదు. గడ్డ వరకే తీసినారు. తర్వాత కీమో, 21 రోజులకు ఒకసారి. రెండో విడతకే తల దువ్వితే జుట్టు కుచ్చులు కుచ్చులుగా చేతికి వచ్చేసింది. ఆపరేషనుకు ఏడవని మనిషి ఆ రోజు అద్దం ముందు ఏడ్చింది. ఉన్నదీ తీయించేద్దామని నున్నగా గుండు చేయించినాం. నాలుగో విడత అయినాక సాయంత్రం తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సు కోసం కూర్చున్నాం. వదిన కొంగు తలమీంచి జారిపోయింది. సర్దుకునే ఓపిక లేదు. పక్క బెంచీ మీద గుంటూరు వైపు నుంచి వచ్చిన పెద్దామె, ఆమెదీ గుండే, గంధం పూసి పచ్చగా ఉంది. వదినను ఆప్యాయంగా చూసింది.

"దర్శనం బాగా అయిందా తల్లీ? ఎంతసేపు పట్టింది?"

వదిన ఒక్క క్షణం నా వైపు చూసింది. "పొద్దున తొమ్మిదికి పోతే మూడయిందమ్మా."

"ఆరు గంటలేనా! త్వరగానే అయిందే. మాకు పన్నెండు పట్టింది."

"నాలుగుసార్లు అయింది, ఇంకా నాలుగుసార్లు రావాలమ్మా."

"ఎనిమిదిసార్లు మొక్కుకున్నావా!" పెద్దామె రెండు చేతులూ జోడించింది. సంచీలోంచి లడ్డు తీసి, సగం విరిచి, వదిన చేతిలో పెట్టింది. వదిన నోరంతా పుండ్లు, మూడు వారాలుగా మజ్జిగన్నం తప్ప దిగడం లేదు. కళ్ళకద్దుకుని కొంగున ముడి వేసుకుంది. చంద్రగిరి దాటినాక విప్పి, చిటికెడు నాలుక మీద వేసుకుని, మిగతాది నాకు పెట్టింది.